అపాస్ట్రఫీకి మా ఇంటి ఉదాహరణ

మా ఇంగ్లీషు సార్‌ది ఆర్కాటు పక్క. తెలుగు బాగానే అర్థమయ్యేది, ధైర్యంగా మాట్లాడేవారు కూడా, కానీ ఆ తెలుగులో సగం అరవం. ఇంగ్లీషు అలంకారాలకు తెలుగులో పేర్లున్నాయని ఆయనకు తెలుసు గానీ, ఆ పేర్లు ఆయన నోటికి వచ్చేవి కావు. మాకేమో ఇంగ్లీషులో చెబితే ఒక్క ముక్క తలకెక్కేది కాదు. ఈ ఇబ్బందిలోంచి ఆయన వెతుక్కున్న దారి నన్ను చదువులో నిలబెట్టింది. నేను కూడా బతుకంతా ఇంగ్లీషు పాఠాలే చెప్పి, పెన్షన్ పుచ్చుకుని, ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి ఆ సంగతి రాసిపెట్టాలనిపించింది.

యుద్ధం అప్పుడే ముగిసింది. తిరుపతిలో కాలేజీ కొత్తగా తెరిచారు. బెంచీలకు వార్నిష్ వాసన ఇంకా పోలేదు. క్లాసులో సగానికి పైగా పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. హైస్కూలు నుంచి మేం మోసుకొచ్చిన విద్య ఒకటే, బట్టీ. మెటాఫర్ అంటే ఏమిటంటే నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లం. సరే, ఈ పద్యంలో అది ఎక్కడుందో చూపించమంటే తెల్లమొహం వేసేవాళ్లం. వాక్యాన్ని విడగొట్టి ఇది ప్రధాన క్లాజు, ఇది దాని మీద ఆధారపడ్డ క్లాజు అని గళ్లు గీసి నింపడం మాకు బాగా వచ్చు. ఆ వాక్యం ఏం చెబుతోందో మాత్రం మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా మాకెప్పుడూ తోచలేదు. కొండమీద అర్చకులు మంత్రం చదివినట్టు మేం గ్రామరు చదివేవాళ్లం.

సార్ దీన్ని వారం రోజులు ఓపికపట్టారు. తర్వాత పుస్తకం మూసి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, బోర్డు మీద ‘హైపర్బోలీ’ అని రాశారు. ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడమని వివరించి, మా వైపు తిరిగారు.

"ఇట్ల మాట మీ ఇంట్లో ఎవురు మాట్లాడతారప్పా?"

మాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు క్లాసులో మా ఇళ్ల ప్రస్తావన ఎందుకొచ్చిందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి పలమనేరు అబ్బాయి ఒకడు లేచి, "మా మామ సార్. చలికాలం మా ఊర్లో ఆవు పొదుగులోనే పాలు గడ్డకడతాయంటాడు" అన్నాడు. సార్ బల్ల మీద చరిచి నవ్వారు. "అంతే! మీ మామే హైపర్బోలీ. పరీక్షలో మరిసిపోతే మామను తలుచుకో" అన్నారు.

ఇక అక్కణ్నుంచి మాకు హుషారొచ్చింది. ఐరనీకి, అంటే పొగిడినట్టే పొగిడి దెప్పడానికి, నగరి నేతగాళ్ల పిల్లవాడు తన అవ్వను తెచ్చాడు. వాడు మగ్గం మీద కూర్చుని పోగులు తెంపితే ఆమె, "మా అబ్బోడు నేసిన చీరలు రాజులు కొనక పోతారా" అనేదట. పర్సానిఫికేషన్, అంటే ప్రాణం లేనిదానికి మనిషి గుణం అంటగట్టడం, వచ్చినప్పుడు నేను లేచాను. వేసవిలో నీళ్లు అడుగంటితే మా నాయన ‘బావి అలిగింది’ అంటాడని చెప్పాను.

"మీ నాయన పద్యాలు రాస్తాడా?"

"లేదు సార్, కపిల తోలతాడు."

కపిల అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. బావిలోంచి పెద్ద తోలుసంచీతో నీళ్లు లాగే పని. రెండు ఎద్దులు పల్లంలోకి దిగుతుంటే తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా దానికి కలుపుతాడు. మళ్లీ ఎద్దుల్ని వెనక్కి నడిపిస్తాడు. పొద్దున మొదలుపెడితే ఎండ ముదిరేదాకా అదే పని. పూతలపట్టు దాటాక ఉన్న మా పల్లెలో చెరుకంతా ఆ నీళ్లతోనే పండేది. సార్ ఆయన్ని మెచ్చుకున్నారని సెలవులకు పోయినప్పుడు చెబితే నాయన పైకి ఏమీ అనలేదు. కానీ రెండో రోజుకల్లా తన మాట కాలేజీలో పాఠమైందని పల్లెలో తెలియనివాళ్లు లేరు.

అన్నిటికీ ఉదాహరణలు దొరికాయి గానీ అపాస్ట్రఫీకి దొరకలేదు. ఇదే పేరుతో అక్షరాల నెత్తిన కూర్చునే చిన్న కొక్కెం ఒకటుంది, అది వేరు. ఈ అలంకారం ఏమిటంటే, ఎదుట లేనివాళ్లను, చచ్చిపోయినవాళ్లను ఎదుట ఉన్నట్టే పిలిచి మాట్లాడడం. సార్ ఎప్పటిలాగే "మీ ఇంట్లో ఎవురు?" అన్నారు. ఎవరూ లేవలేదు. కిటికీలోంచి కొండకు పోయే యాత్రికుల అరుపు వినిపించింది. వెంటనే ఒకడు, "గోవిందా అని అరస్తా ఉండారు గదా సార్, అదే" అన్నాడు.

సార్ నుదుట నామం పెట్టుకునే మనిషి. అయినా తల అడ్డంగా ఊపారు. "అది కాదప్పా. సామి ఉండాడని నమ్మే గదా పిలస్తా ఉండారు? అది పిలుపు. బదులు రాదని తెలిసి కూడా మాట్లాడే మాట నాకు కావాల."

"అట్ల పిచ్చోళ్లే మాట్లాడతారు సార్" అని ఎవరో వెనకనుంచి అనడంతో క్లాసంతా గొల్లుమంది. సార్ అపాస్ట్రఫీ అనే మాటను బోర్డు మూలన చిన్నగా రాసి, ఉదాహరణ దొరికేదాకా ఎవరూ చెరపకూడదన్నారు. ప్యూను రోజూ దాన్ని వదిలేసి చుట్టూ తుడిచేవాడు.

చలికాలం మొదలవుతుండగా మా నాయనకు విషజ్వరం వచ్చింది. నాకు కబురు అంది, పాకాల మీదుగా పోయే బండెక్కి, ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. అరుగు మీద మా పెదనాయన తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

కర్మ అయ్యాక పెదనాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ముందే చెప్పాలి. అన్నదమ్ములిద్దరిదీ ఒకే సేద్యం, ఒకే పొయ్యి. ఆయన కూతుళ్లకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆయన మోకాళ్లు వాచి మెట్టు దిగడమే కష్టంగా ఉండేది.

"సదివింది సాల్లేరా అబ్బోడా. కపిల ఎవురు తోలాల? చెరుకు ఎండిపోతా ఉండాది. నా కాళ్లు సూస్తానే ఉండావు గదా. పోయి నీ పెట్టె తెచ్చుకో."

నేను సరే పెదనాయనా అన్నాను. ఇంకేమనగలను? ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. లోపలికి పోయి అమ్మకు చెప్పాను. ఆమె ఏమైనా అన్నా పెదనాయన దాకా పోయేది కాదు. మా పక్క కోడలు మొగుడి అన్నగారి ఎదుట పడదు, ఆయనతో నోరెత్తి మాట్లాడదు. ఆ ఇంటికి కాపురానికొచ్చిన నాటి నుంచి అమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. చెప్పాల్సిందంతా నాయన ద్వారానే చేరేది. ఇప్పుడు నాయన లేడు, అమ్మ మూలగదిలో కూర్చునే రోజులు ఇంకా తీరలేదు.

ఆ గదిలోంచి రోజూ కోడికూతకు శోకం వినిపించేది. మొగుడు పోయిన ఆడది కొన్నాళ్లపాటు తెల్లవారుజామున లేచి, పోయినవాణ్ని పిలిచి రాగం తీసి ఏడవాలి. అది ఆచారం. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు గొంతు కలిపేవారు, తర్వాత అమ్మ ఒక్కతే మిగిలింది. నేను అరుగు మీద పడుకుని వింటుండేవాణ్ని. పక్కనే మంచం మీద పెదనాయన.

"బావి అలిగిందంటివే నా సామీ, నువ్వే అలిగి పోతివే. చెర్నాకోల చూరులో చెక్కితివే నా సామీ, తీసేదానికి రాకపోతివే."

ఇలా సాగేది. వినలేక దుప్పటి చెవుల మీదికి లాక్కునేవాణ్ని. కొన్నాళ్లకు ఆ శోకంలోకి నేనూ వచ్చాను. "నా కొడుకు తిరపతిలో సదవతాడని వాడంతా సాటితివే నా సామీ, ఆ పిల్లోని చేతికే చెర్నాకోల ఇస్తా ఉండారే. అన్న మాట దాటనోడివే నా సామీ, ఆ అన్నకు ఒక్క మాట చెప్పి పోకపోతివే." నా చదువు గురించి వీధి వీధంతా వినేలా ఏడవడం నాకు తలకొట్టేసినట్టుండేది. దుఃఖంలో ఏదో ఒకటి అనుకుంటోందనే తప్ప నాకు వేరే ఆలోచన రాలేదు. పెదనాయన మాత్రం అటు తిరిగి పడుకునేవాడు.

పెట్టె తెచ్చుకోవడానికి తిరుపతి వెళ్లాను. గదిలో స్నేహితులతో చెప్పుకుని, చివరగా పెట్టెతోనే కాలేజీకి పోయాను. క్లాసు వదిలారు, సార్ ఒక్కరే కాగితాలు సర్దుకుంటున్నారు. విషయం చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఏదో ఒకటి అనాలి కదా అని బోర్డు మూలకు చెయ్యి చూపించాను.

"సార్, దానికి ఉదాహరణ దొరికింది. మా అమ్మ."

శోకం సంగతి చెప్పాను. రెండు మూడు వాక్యాలు చెప్పమని అడిగారు. నాకు గుర్తున్నవి చెప్పాను, రాగం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు. సార్ కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"మీ అమ్మ ఏడిసేటప్పుడు బయట ఎవురెవురు ఉంటారప్పా?"

"నేను సార్. మా పెదనాయన."

"ఆయనతో మీ అమ్మ మాట్లాడతాదా?"

"మాట్లాడదు సార్. మాలో మాట్లాడకూడదు."

సార్ కుర్చీలో కూర్చున్నారు. "చూడప్పా, నేను మీకు సగమే చెప్పినాను. ఎవురితో మాట్లాడతా ఉండారో చెప్పినాను. పక్కన ఎవురు వింటా ఉండారో చెప్పలేదు. లేనోళ్లను పిలిచి మాట్లాడేది ఉండేటోళ్ల చెవిన పడాలని కూడా అప్పా. మీ అమ్మకు ఏడిసేదానికి ఒక్కదానికే అనుమతి ఉండాది. దాంట్లోనే నీ తరఫున వాదిస్తా ఉండాది. ఈ తూరి పోయి సరిగ్గా ఇను. పద్యం ఇచ్చి విశ్లేషించమంటే చేస్తావు గదా, అట్ల. ఎవురు మాట్లాడతా ఉండారు, ఎవురితో, ఎవురు ఇనాలని." లేచి నా పెట్టెను కాలితో తన బల్ల కిందికి తోశారు. "ఇది ఈడనే ఉండనీ. మళ్లా వచ్చి తీసుకుందువు."

వట్టి చేతులతో ఊరికి తిరిగొచ్చాను. పెట్టె ఏదిరా అని పెదనాయన అడిగితే సార్ దగ్గరుందన్నాను. ఆయన మరి రెట్టించలేదు.

మర్నాడు కోడి కూసింది. నేను దుప్పటి లాక్కోలేదు. లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నేను లేచి కూర్చుంటే పెదనాయనకు నిద్ర నటించే వీల్లేకపోయింది, ఆయనా మెల్లగా లేచి మంచం మీద కూర్చున్నాడు. లోపల అమ్మ మొదలుపెట్టింది.

"పెద్దాయన కాళ్లు వాచిపోయె నా సామీ, ఆయనకు పనిమనిషిని సూడకపోతివే. ఆయన ఒక్కడే ఎంతని మొయ్యాల నా సామీ, జీతగాన్ని పెట్టమని చెప్పకపోతివే. మా వొంతు గింజలు తగ్గించుకుంటాము నా సామీ, పిల్లోని సదువు తగ్గించొద్దని చెప్పకపోతివే. ఆయన చల్లని తండ్రే నా సామీ, అడిగుంటే కాదనునా?"

ఇన్నాళ్లూ నేను ఏడుపనుకున్నదాంట్లో ఎంత పొందిక! మొదట పెదనాయన బాధ చెప్పింది. తర్వాత ఉపాయం చెప్పింది. ఆ తర్వాత తన వంతు త్యాగం, చివర్లో ఆయన మంచితనం. ఇందులో ఆయన్ని ఒక్కసారి కూడా పిలవలేదు, ఒక్క మాట కూడా ఆయనకు చెప్పలేదు. ఏ ప్లీడరూ నా కోసం ఇంతకంటే బాగా వాదించి ఉండడు. అలంకారాలు పుస్తకాల్లో అందం కోసం పెడతారని అప్పటిదాకా అనుకునేవాణ్ని. వేరే దారి లేనివాళ్లు వాటితో బతుకుతారని ఆ తెల్లవారుజామున తెలిసింది.

పెదనాయన లేచి, కర్ర పట్టుకుని, వాకిట్లో ఎద్దుల దగ్గరికి నడిచాడు. మేత వేశాడు. ఎడమపక్క ఎద్దు మూపురం మీద చెయ్యి పెట్టి, ఇంట్లోకి వినబడేంత గొంతుతో మొదలుపెట్టాడు.

"ఏమప్పా తమ్ముడా! నీ ఎద్దులు నా మాట ఇనవు. నీ ఇంట్లో వాళ్లు నన్ను నిద్ర పోనీరు. యాడ కూసోని నగతా ఉండావో. సరేలే అప్పా, ఇన్నాను. జీతగాన్ని పెడతాను. గింజలు ఎవురూ తగ్గించుకోబళ్లేదు. పిల్లోడు సదువుకోనీ. మీ వాళ్లకు చెప్పు."

లోపల శోకం ఆగిపోయింది. ఆయన నా వైపు చూడకుండానే, "ఏమిరా సూస్తా ఉండావు, కుడితి తీసుకరా" అని కసిరాడు. కుడితి కుండ ఎత్తుకున్నాను. మరదలితో మాట్లాడకూడని మనిషి, బావతో మాట్లాడకూడని మనిషి, ఇద్దరూ మా నాయన్ని మధ్య నిలబెట్టుకుని నా బతుకు తేల్చేశారు. బతికున్నప్పుడు ఇద్దరి మధ్యా మాటలు మోసినట్టే పోయాక కూడా ఆయనే మోశాడు.

కాలేజీకి తిరిగి వెళ్లి సార్‌కు ఇదంతా చెప్పాను. పెదనాయన జవాబు దగ్గరికి వచ్చేసరికి ఆయన పగలబడి నవ్వారు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. "అది కూడా అపాస్ట్రఫీనే కదప్పా! ఒకే ఇంట్లో రెండు!" అన్నారు. ప్యూను ఇన్నాళ్లు చెరపని ఆ మాటను డస్టరు తీసుకుని ఆయనే తుడిచేశారు. బల్ల కింద నుంచి నా పెట్టె లాగి ఇచ్చారు. తర్వాత నేను చదివింది, చెప్పింది అంతా ఆ పెట్టెతో మొదలైందే. పాఠం చెప్పిన ప్రతి క్లాసులో నేనూ మీ ఇంట్లో ఎవురు మాట్లాడతారప్పా అనే అడిగాను. ఆయనకు నేను చెల్లించగలిగిన కృతజ్ఞత అదొక్కటే.

ఆయనకు చెప్పనిది ఒకటుంది. పెదనాయన ఒప్పుకున్న రోజే నేను బయల్దేరలేదు, బండికి మరునాడు పోయాను. ఆ మరునాడు తెల్లవారుజామున కోడి కూస్తే అమ్మ ఇక లేవదనుకున్నాను. పని అయిపోయింది కదా. కానీ లేచింది. మళ్లీ రాగం తీసింది. నేను అలవాటుగా చెవి పెట్టాను, ఈసారి ఏం అడుగుతుందోనని.

ఏమీ అడగలేదు. అందులో నేను లేను, పెదనాయన లేడు, చదువు లేదు, చెరుకు లేదు. "సంగటి సల్లారిపోతాదంటే ఇనకపోతివే నా సామీ. ఎండన పడి వస్తివే నా సామీ, కాళ్లకు నీళ్లు ఇచ్చేలోగానే నిద్ర పోతివే." గొంతు కూడా వేరుగా ఉంది, చిన్నగా, గది దాటి వీధిలోకి రానంత మెల్లగా. పెదనాయన మంచం ఖాళీగా ఉంది, ఆయన అప్పటికే పొలానికి పోయాడు. వింటున్నది నేనొక్కణ్నే, నేను వినాలని ఆమె అనడం లేదు. ఇన్నాళ్లూ నా కోసం తన ఏడుపును కూడా వాడేసింది మా అమ్మ. ఆ రోజే ఆమెకు మా నాయనతో మాట్లాడుకునే తీరిక దొరికింది.

నేను చప్పుడు చేయకుండా లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, వాకిలి దాటి బయటికి వెళ్లిపోయాను.